లేని మనిషి పూచీ

యోగ్యకర్తలోని ఆ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకోవాలంటే మూడు గడపలు దాటాలి. మొదటిది గైడుగారి గడప. రెండోది పరీక్షకుల గడప. వాళ్లూ మనుషులే కాబట్టి, భోజనం వేళ దాటిందంటే తొందరగా తలూపేస్తారు. మూడోది గడప కూడా కాదు, లైబ్రరీ కింది అంతస్తులో మెట్ల పక్కనున్న ఒక చిన్న కిటికీ. దాని వెనక చాలా ఏళ్లుగా ముర్తినా కూర్చుని ఉండేది. ఆమె ముద్ర పడనిదే ఏ సిద్ధాంత గ్రంథమూ అట్ట కట్టించుకోవడానికి లేదు.

ఆమె గ్రంథం చదివేది కాదు. నేరుగా చివరి పేజీలు తిప్పేది. ఆధార గ్రంథాల జాబితా ఉంటుందే, దాన్ని అక్కడ ‘దఫ్తార్ పుస్తక’ అంటారు. తెలుగువాడి చెవిన పడితే ఆ మాట ఒక్క క్షణం ఆపేస్తుంది. దఫ్తరూ మనకు తెలిసినదే, పుస్తకమూ తెలిసినదే. ఒకటి అరేబియా సముద్రం వైపు నుంచీ, ఇంకొకటి బంగాళాఖాతం వైపు నుంచీ ఏ ఓడలెక్కి పోయాయో గాని, జావాలో కలుసుకుని కాపురం పెట్టాయి. మాటల పెళ్లిళ్లు చూసినకొద్దీ మనుషుల పెళ్లిళ్లు చప్పగా కనిపిస్తాయి. సరే, ఆ దఫ్తార్ పుస్తకలోంచి ముర్తినా ఏవో మూడు పేర్లమీద పెన్సిలుతో చుక్కలు పెట్టేది. ఆ మూడు పుస్తకాలూ తేవాలి. పేజీ తెరవాలి. ఏ వాక్యం చూసి రాశావో దానిమీద వేలు పెట్టి చూపించాలి. అంతే పరీక్ష. దానికే ఆడపిల్లలు ఏడ్చేవాళ్లు, మగపిల్లలకు జ్వరాలొచ్చేవి.

అసలు పుస్తకం చూడకుండా, దాని మాటను ఇంకొకరి పుస్తకంలో చూసి ఎత్తి రాసినవాళ్లకు ఒక దారి ఉంది. రెండు పేర్ల మధ్య ‘దాలమ్’ అని రాయాలి. దాలమ్ అంటే లోపల. ఫలానా ఆయన మాటను ఫలానా ఆయన పుస్తకం లోపల చూశాను, నేరుగా చూడలేదు అని అది ఒక ఒప్పుకోలు. కుర్రాళ్లకు ఆ మాట నామోషీ. అన్నీ స్వయంగా చదివేసినట్టు కనబడాలని దాన్ని మింగేస్తారు. ముర్తినా కిటికీలోంచి పలికే మొదటి మాట ఎప్పుడూ “దాలమ్ ఏదీ?” అనే. అందుకని ఆమెకు ‘బూ దాలమ్’ అని పేరు పడింది. బూ అంటే అమ్మగారు అన్నట్టు. ఆ భాషలో దాలమ్‌కు లోతు అని కూడా అర్థం ఉంది. అందులో పడ్డవాడు తేలడని క్యాంటీనులో వేళాకోళం.

ఆమెకు ఇంటిపేరు లేదు. అక్కడ చాలామందికి ఉండదు, ఒక్క మాటతో పుట్టి ఒక్క మాటతోనే పోతారు. లైబ్రరీలోకి కంప్యూటరు వచ్చినప్పుడు అది ఇంటిపేరు లేనిదే ముందుకు కదలనని మొరాయించింది. చివరికి ‘ముర్తినా ముర్తినా’ అని ఎక్కించారు. ఒక ముర్తినా సెలవు పెడితే రెండో ముర్తినా పనిచేయవచ్చు కదా అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. ఒక మనిషిని రెండుసార్లు రాయడంలో నవ్వులాటేముందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

పుట్టింది పడమటి వైపు మెనోరే కొండల్లో కెదుంగ్వాతు అనే పల్లెలో. తండ్రి కొబ్బరి చెట్లెక్కి పూగెలల కొనలు కోసి, కారే నీరా పట్టడానికి వెదురు గొట్టాలు కట్టేవాడు. తల్లి ఆ నీరా కాచి బెల్లం దిమ్మలు పోసేది. పొగకు కళ్లు మండే ఆ వంటింట్లోంచి ముర్తినా టైపు నేర్చుకుని పట్నం వచ్చి, విశ్వవిద్యాలయంలో టైపిస్టుగా చేరి, టైపు మిషన్లు పోయాక ఈ కిటికీ దగ్గరికి చేరింది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు, పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా పల్లెలో చెల్లెలు పొనిరా. మొగుడు కాసిమాన్ చెట్లెక్కుతాడు, ఆమె బెల్లం కాస్తుంది. అంటే తల్లిదండ్రుల బతుకునే వాళ్లు ఇంకోసారి రాస్తున్నారు.

ఆమె ఉద్యోగం ఇంక నాలుగు నెలలుందనగా, నవంబరులో, రెంగనీస్ అనే పరిశోధక విద్యార్థిని కిటికీ ముందు నిలబడింది. సన్నటి పిల్ల, గోళ్లు కొరుక్కునే అలవాటు. తెచ్చిన గ్రంథం మట్టికొండల ఏటవాలు గురించి. ముర్తినా మొదటి చుక్క ‘విర్యాది, పి. డి. (1976)’ అనే పేరుమీద పడింది.

“పుస్తకం తెచ్చావా?”

“దొరకలేదు, బూ. బాండుంగ్‌లో అడిగాను, జకార్తాలో అడిగించాను. ఎక్కడా లేదు.”

“మరి ముప్ఫై అయిదు డిగ్రీల దాకా భయం లేదని ఎక్కడ చూశావు?”

“అందరూ రాశారు కదా, బూ.”

ఆ అందరూ ఎవరని అడిగితే పిల్ల ఒక కాగితం తీసింది. ఇరవై మూడు గ్రంథాల పేర్లు, సంవత్సరాలతో సహా. వాటిలో పదకొండింటిమీద ముర్తినా ముద్రే ఉంది. మూడు చుక్కల పరీక్షలో ఆ పేరు మీద చుక్క ఒక్కసారీ పడలేదన్నమాట. అయితే ఇరవై మూడుసార్లు దాలమ్ రాసుకో, అని ముర్తినా కాగితం వెనక్కి తోసింది. పిల్ల తీసుకోలేదు.

“అదే చెప్తున్నాను, బూ. వాళ్లందరూ ఒకళ్ల లోపల ఒకళ్లు చూసినవాళ్లే. నేను వెనక్కి వెనక్కి వెళ్లాను. చివర ఎవరూ లేరు.”

ఆ మాట ముర్తినాకు ఎక్కడో కాలి కింద తగిలింది. అప్పుడే గ్రంథం పేరు మొదటిసారి పూర్తిగా చదివింది. కెదుంగ్వాతు పునరావాస స్థలం, దాని పైనున్న ఏటవాలు. ఏటి ఒడ్డున వరద ముంచే నలభై ఇళ్లవాళ్లకు ప్రభుత్వం కొండ పాదాన కొత్త ఇళ్లు కట్టింది. కొండ నిలబడుతుందని ఆచార్యుల సంఘం రాసిచ్చింది. కాపురాలు మారి రెండు వారాలైంది. ముప్ఫై ఆరో నంబరు ఇల్లు పొనిరాది.

గ్రంథం అక్కడే వదిలి వెళ్లమని పిల్లను పంపేసి, కిటికీకి గొళ్లెం పెట్టి ముర్తినా లోపలి బీరువాల మధ్యకు వెళ్లింది. అన్నేళ్లలో పనివేళల్లో కిటికీ మూయడం అదే మొదలు. చివర ఎవరూ లేరని పిల్ల అన్నది గాని, కంప్యూటరులోకి ఎక్కని పాత గ్రంథాలు కింద గదిలో ఉన్నాయని దానికి తెలియదు. వారం రోజులు పట్టింది. ఒక్కొక్కటీ దించి, ఒక్కొక్కదానిలో విర్యాదిని వెతుక్కుంటూ, చెదలు దులుపుకుంటూ వెళ్లింది. 2001లో అతను ‘విర్యాది, పి. డి.’ ఆ ఏడే కంప్యూటరు చేత జాబితాలు రాయించడం మొదలైంది. చివరి మాటను ఇంటిపేరని పట్టుకుని ముందుకు తెచ్చేసింది. 1994లో అతను ‘పార్తొనో డి. విర్యాది’. ఆ భాష రాసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. పెద్ద ‘డి’, చుక్క, అచ్చంగా మర్యాదస్తుడి పేరు. 1986లో ఉన్నది ‘పార్తొనో డి. విర్యాది’యే, కాని అక్కడ ఆ ‘డి’ చిన్న అక్షరం.

ఆ గ్రంథం టైపు చేసినది. ప్రతి పంక్తిలోనూ ‘ఇ’ అక్షరం కొంచెం కిందికి జారి ఉంది. ఆ జారుడు ముర్తినాకు తన చేతిరాతంత తెలుసు. ఆ మిషను ఆమెదే.

అంతా గుర్తొచ్చింది. గ్రంథం నూటఇరవై పేజీలు మించకూడదని నిబంధన. రాసిన కుర్రాడి పేరు హర్యోకో, చురుకైనవాడు. ‘పార్తొనో దాలమ్ విర్యాది’ అని అరవై చోట్ల ఉంది. దాలమ్ అంతా కొట్టడం ఎందుకు, దాని మొదటి అక్షరం ‘డి’ ఒక్కటీ వేసి చుక్క పెట్టండి, మ్బా, పేజీలు తగ్గుతాయి అన్నాడు. మ్బా అంటే అక్కలాగ. అప్పుడు ఆమె ఇంకా బూ కాలేదు. సరేనని కొట్టింది. ఒకడి మాట, దాన్ని తన పుస్తకంలో పెట్టుకున్న ఇంకొకడు. మధ్యలో ఆమె పెట్టిన చుక్క. ఏళ్లు గడిచినకొద్దీ ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి జరిగి ఒక్క మనిషైపోయారు.

విర్యాది పుస్తకం దొరకడం అప్పుడు తేలికైంది. ఇంటిపేరుతో వెతికినన్నాళ్లూ కనబడనిది, ఒంటి పేరువాళ్లను పడేసే పాత డబ్బాలో సైక్లోస్టయిల్ కాగితాల కట్టగా పడి ఉంది. నలభై ఒకటో పేజీలో పార్తొనో మాట ఉంది. మట్టికొండ ముప్ఫై అయిదు డిగ్రీల ఏటవాలు దాకా నిలబడుతుందని పార్తొనో రాశాడు, అని. దాని కింద విర్యాది సొంత మాట ఉంది. పార్తొనో కొలిచిన ఆ కొండనే నేనూ కొలుద్దామని వెళ్లాను. నాలుగో రోజు వానకు అది పదకొండు ఇళ్లమీద పడిపోయింది, కొలవడానికి కొండ లేదు, అని.

ముర్తినా ఆ పేజీని మూడుసార్లు చదివింది. భయం లేదన్నవాడూ, భయపడమన్నవాడూ కలిసి ఒక్కడయ్యారు. ఆ ఒక్కడు భయం లేదంటున్నాడు.

సోమవారం తెల్లవారేసరికి వాన పట్టుకుంది. విసురు లేదు, ఉరుము లేదు. ఒకే ధాటిగా, తొందరేమీ లేనట్టు కురిసే జావా వాన. ముర్తినా జిరాక్స్ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆచార్య హర్యోకో గదికి వెళ్లింది. అప్పటి కుర్రాడే. ఇప్పుడు జుట్టు నెరిసింది, గోడమీద ఫలకాలు పెరిగాయి. కొండకు పూచీ పడ్డ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. చెడ్డవాడు కాడు. టీ తెప్పించాడు, చెల్లెలి క్షేమం అడిగాడు. పి. డి. విర్యాది సంగతి ఎత్తేసరికి ముఖం విప్పారింది. విర్యాదిని తాను ఎరుగుదునన్నాడు. ఎప్పుడో ఒక సభలో కలిశాడట. పొడుగ్గా, సన్నగా ఉండేవాడట, మాట్లాడేటప్పుడు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకునేవాడట.

ముర్తినా టీ కప్పు కింద పెట్టింది.

“ఆయన లేడు, పాక్.” పాక్ అంటే అయ్యగారు.

“అయ్యో. పోయారా? ఎప్పుడు?”

“పోలేదు. అసలు పుట్టలేదు.”

ఆపైన ఆమె 1986 గ్రంథం కాగితాలనూ, విర్యాది నలభై ఒకటో పేజీనీ బల్లమీద పక్కపక్కన పరిచింది. ఆచార్యుడు చాలాసేపు చూశాడు. వేలితో జారిన ‘ఇ’ అక్షరాన్ని తడిమాడు. ఇది మీ మిషనే కదా, బూ, అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మదిలో బెదిరింపు ఉందో, జాలి ఉందో చెప్పడం కష్టం. జావావాళ్ల మర్యాదలో ఆ రెంటికీ ఒకటే గొంతు. తరువాత ఆయన చాలా విషయాలు చెప్పాడు. నివేదికమీద ఆరుగురి సంతకాలున్నాయి. విశ్వవిద్యాలయ పత్రిక వచ్చే సంపుటిలో సవరణ చీటీ వేయవచ్చు. మార్చిలో మీరు గౌరవంగా దిగిపోవాలి.

“ఒక్క అక్షరం, ఒక్క చుక్క. దానికోసం నలభై ఇళ్లు ఖాళీ చేయించమంటారా?”

“ఆ చుక్క నేనే పెట్టాను, పాక్. అందుకే వచ్చాను.”

ఆయన కిటికీలోంచి వాన చూశాడు. సవరణ చీటీ వేయిద్దాం, తప్పకుండా వేయిద్దాం, అన్నాడు.

మంగళవారం ఆమె సెలవు చీటీ పెట్టి బస్సెక్కింది. కొండ మలుపు దగ్గర దిగి అద్దె మోటారుసైకిలు వెనక కూర్చుని పల్లె చేరేసరికి లుంగీలా చుట్టుకున్న సరోంగుకు మోకాళ్ల దాకా మట్టి. కొత్త ఇళ్లు నీలం రేకుల కప్పులతో వరసలో ఉన్నాయి. వాటి వెనక కొండ, తల మబ్బులో. స్థలం మొదట్లో బోర్డు ఉంది: ఈ ఏటవాలు నిలకడ విర్యాది, పి. డి. (1976) ప్రకారం నిర్ధారించబడినది. పిల్లలు దానిమీద బంతి కొట్టి ఆడుకున్న మచ్చలున్నాయి.

పొనిరా అక్కను చూసి, యూ, ఈ వానలో ఎందుకొచ్చావు, ఎవరైనా పోయారా, అంది. యూ అంటే అక్క. విషయం విన్నాక పొయ్యిమీద బెల్లం పాకం కలపడం ఆపలేదు గాని కాసిమాన్‌ను పంపి పల్లె పెద్దను పిలిపించింది. అక్కడ ఆయన్ను పాక్ దుకూ అంటారు. వెనకాలే ఇరుగుపొరుగూ వచ్చి వసారాలో కూర్చున్నారు. గెబ్లెక్ పళ్లెం మధ్యలో పెట్టారు. కర్రపెండలం పిండితో తెల్లగా వేయించిన రింగులు అవి. ఆ కొండల్లో ఏ మాటైనా వాటిని నమిలాకే మొదలవుతుంది.

పాక్ దుకూ జిరాక్స్ కాగితం చదివి, చదివి, తల ఎత్తాడు. “బోర్డుమీద విర్యాది భయం లేదన్నాడు. మీ కాగితంలో విర్యాది భయమన్నాడు. ముందు ఆయన్నే తేల్చుకు రమ్మనండి, బూ.” వసారా అంతా నవ్వింది. విర్యాదికి ఇద్దరు పెళ్లాలేమో, ఒక ఇంట్లో ఒక మాట చెప్పాడేమో అని ఎవరో అన్నారు.

ముర్తినా చుక్క గురించీ, దాలమ్ గురించీ చెప్పింది. ఎవరి ముఖంలోనూ ఏమీ కదల్లేదు. అప్పుడు చెల్లెలి వైపు తిరిగింది.

“పొనిరా, ‘ఈ చెట్టు పడదని కాసిమాన్ అన్నాడు, తీరా చూస్తే పడిపోయింది’ అని నువ్వు చెప్పావనుకో. విన్నవాడు ‘ఈ చెట్టు పడదని కాసిమాన్ పొనిరా చెప్పింది’ అని రాసుకున్నాడనుకో. అదీ జరిగింది.”

పొనిరా చేతిలో గరిటె ఆగింది. “ఈయనగారి మాట నా నోట్లో పెడితే ఊరుకుంటానా?” అంది. మళ్లీ నవ్వారు, కాని ఈసారి నవ్వు త్వరగా అయిపోయింది. అర్థమైంది. పాక్ దుకూ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అసలాయన నాలుగో రోజని రాశాడు కాబట్టి, వాన సోమవారం మొదలైంది కాబట్టి, బుధవారం సాయంత్రం అందరూ ఏటి అవతల బడికి పోదామన్నాడు. ముర్తినాకు గుండె కుదుటపడింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో, ఒక పేజీని సరిగ్గా చదివి సరిగ్గా నడుచుకున్న మనుషులను ఆమె మొదటిసారి చూసింది.

బుధవారం పొద్దున వంటింట్లో కూర్చుని అలవాటు కొద్దీ ఆ పేజీ మళ్లీ తీసింది. అడుగున సన్నటి అక్షరాల్లో ఒక మాట ఉంది. అప్పటిదాకా ఆమె చూపు దానిమీద ఆగలేదు. పడిపోయిన ఆ కొండ ఏటవాలు ఇరవై ఎనిమిది డిగ్రీలు, నిండా వెదురు. పొనిరా ఇంటి వెనక కొండ ముప్ఫై మూడని రెంగనీస్ గ్రంథంలో ఉంది. వెదురు లేదు, ఇళ్లకోసం కొట్టేశారు.

 నాలుగు రోజులన్నది ఆ కొండ లెక్క. ఆమె దాన్ని తీసుకొచ్చి ఈ కొండకు తగిలించింది. పేజీ సరైనదే, పేరు సరైనదే, వేలు పెట్టిన చోటూ సరైనదే. అయినా తాను చేసింది ఆ ఇరవై ముగ్గురూ చేసినదే.

ఇప్పుడే పోవాలి అని ఆమె అనేసరికి పొనిరాకు కోపమొచ్చింది. నాలుగన్నది నువ్వే, మూడన్నదీ నువ్వే, నీ పుస్తకానికి పొద్దుటికొక మాట సాయంత్రానికొక మాటా అంది. అంతలో కాసిమాన్ చెట్ల నుంచి దిగి వచ్చాడు. గొట్టాల్లో నీరా లేదు. రెండు చేతులూ వేలాడేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“గొట్టాలన్నీ వంకరగా ఉన్నాయి. నీరా బయటికి కారిపోయింది.”

“సరిగ్గా కట్టలేదేమో.”

“గొట్టాలు నేను నిటారుగానే కట్టాను, పొనిరా. చెట్లే వంగాయి.”

ఇంకెవరూ పుస్తకం గురించి మాట్లాడలేదు. ఒంటిగంటకల్లా చాపలు, బియ్యం, మేకలు, కోళ్లు, ఒక టీవీ, వంతెన దాటి బడికి చేరాయి. పాక్ దుకూ తాలూకా కార్యాలయంలో కంప్యూటరు మీద తీసిన జాబితా పట్టుకుని ఇంటింటి పెద్ద పేరూ పిలిచాడు. పేరు పిలిస్తే ఉన్నానన్నారు, ఆయన టిక్కు పెట్టాడు. సుతినా. ఉన్నాను. టిక్కు. చివరి పేరూ అయింది. అందరూ వచ్చేశారన్నాడు. బెంచీలమీద జనం ఊపిరి వదిలారు, ఎవరో టీకి నీళ్లు పెట్టారు.

ముర్తినా జాబితా అడిగి తీసుకుంది. ఆమె చేతులకు జాబితా ఏదైనా ఒకటే. వేలు పెట్టి లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది వరసలున్నాయి. ఇంటి నంబర్లు చూస్తూ మళ్లీ లెక్కపెట్టింది.

“పాక్ దుకూ, ముప్ఫై ఏడో ఇల్లు ఎవరిది?”

“సుతినాది.”

“సుతినా పన్నెండులో ఉంది కదా.”

“ఆవిడ వేరు, ఈవిడ వేరు. ఈవిడ కాసిమాన్ మేనత్త, ముసలావిడ.” అని పాక్ దుకూ ఆగిపోయాడు.

ఒకే పేరు రెండుసార్లు పడిందని తాలూకాలో ఎవరో శ్రద్ధగల గుమాస్తా ఒకదాన్ని కొట్టేశాడు. ముసలావిడకు చెవుడు. మధ్యాహ్నం పడుకుంటుంది. కాసిమాన్ తీసుకొస్తాడని అవతలి పక్కింటివాళ్లు అనుకున్నారు, పక్కింటివాళ్లు తీసుకొచ్చారని కాసిమాన్ అనుకున్నాడు.

కాసిమాన్ చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. వంతెన దాటడం బడి గుమ్మంలోంచి కనిపించింది, ఆపైన మలుపు. పొనిరా అక్క చెయ్యి పట్టుకుంది. అరగంట కూడా కాలేదు. పెద్ద చప్పుడేమీ రాలేదు. బియ్యం బస్తా నేలమీద జారవిడిచినట్టు ఒక శబ్దం, తరువాత వాన శబ్దమే. మబ్బు కాస్త విడినప్పుడు చూస్తే నీలం రేకుల వరసలో పై సగం లేదు.

కాసిమాన్ ఛాతీ దాకా మట్టితో ఒక్కడే వచ్చాడు.  తరువాత చెప్పింది ఇంతే: మలుపు దగ్గర నుంచి గట్టిగా పిలిచాడట. అత్తకు ఎలా వినిపించిందో, గుమ్మంలోకి వచ్చి, కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, పిలిచిందెవరా అని చూస్తోందట.

మార్చి మొదటి వారం. ముర్తినా దిగిపోవడానికి పది రోజులుంది. రెంగనీస్ సరిదిద్దిన గ్రంథం తెచ్చి కిటికీలో పెట్టింది. ఎంత మార్చిందో చెప్పలేం. విర్యాది విర్యాదిగా ఉన్నాడు, పార్తొనో దాలమ్ విర్యాది అని ఉండాల్సిన చోటల్లా ఉంది. పి. డి. పేరున ఇళ్లు కట్టిన మరో ఆరు కొండల పేర్లూ, ఊళ్ల పేర్లూ అనుబంధంలో ఉన్నాయి. అక్కడివాళ్లకు ఉత్తరాలు రాసిందట. ఒక్కచోటి నుంచే జవాబు వచ్చింది: విర్యాదిగారి చిరునామా ఉంటే పంపగలరు, స్వయంగా అడుగుతాము, అని.

చివరి అధ్యాయంలో ముర్తినా పెన్సిలు ఆగింది. కెదుంగ్వాతులో ప్రాణనష్టం లేదు, అని ఉంది. పక్కన, కొండ పడ్డమీదట వేసిన విచారణ సంఘం పేరు, సంవత్సరం, పేజీ. అడగకముందే రెంగనీస్ నివేదిక తెరిచి వాక్యంమీద వేలు పెట్టింది. అక్షరం తేడా లేదు. నియమం ప్రకారం చూస్తే, ముర్తినా జీవితంలో చూసిన వాటిలో అంత నిర్దోషమైన ఉటంకింపు ఇంకొకటి లేదు.

ముద్ర తీసి, సిరా దిండు మూత తెరిచి, మళ్లీ మూసింది.

“వీళ్లు ఎక్కడ చూసి రాశారు?”

“పల్లె జాబితా చూసి, బూ. అందులో అందరికీ టిక్కులున్నాయి.”

ఉన్నాయి. ప్రభుత్వం పంచిన బియ్యం పన్నెండో ఇంటి సుతినా పుచ్చుకుని వేలిముద్ర వేసింది కూడాను. కాసిమాన్ రెండుసార్లు జిల్లా కార్యాలయానికి వెళ్లాడు. ఆవిడ వేరు, ఈవిడ వేరు అని చెప్పాడు. గుర్తింపు కార్డు తెమ్మన్నారు. కార్డు ఆవిడ దగ్గరే ఉంది.

ఇదంతా ముర్తినా చెప్పింది. పిల్ల గోరు కొరకడం మానేసి విన్నది. కింద ఒక వివరణ చేర్చమంది ముర్తినా: కాసిమాన్, చెట్లెక్కే మనిషి, కళ్లతో చూసినది, నోటితో చెప్పినది, ఫలానా తేదీన. పరీక్షకులు ఒప్పుకోరని రెంగనీస్ అంది. పరీక్షా సంఘానికి అధ్యక్షుడు హర్యోకోగారే. విచారణ నివేదికమీద మొదటి సంతకమూ ఆయనదే. ఇది చేరిస్తే తన పట్టా ఏమవుతుందో ఆమెకూ తెలుసు, ముర్తినాకూ తెలుసు. నేను చేర్చమని బలవంతం చేయను, ఉన్నది ఉన్నట్టుగా కూడా ముద్ర వేయడానికి నాకు హక్కుంది, అని ముర్తినా అంది.

మెట్లమీద ఎవరో నవ్వుకుంటూ దిగిపోయారు. పడమటి కిటికీలో కొండల వైపు మబ్బు కమ్ముకుంటోంది. రుతువు ఇంకా అయిపోలేదు. రెంగనీస్ కాసేపు ఆ వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, కలం మూత తీసింది.

“ఆవిడ ఇంటిపేరు దగ్గర ఏం రాయను, బూ?”

“ఏమీ రాయకు. సుతినా అని రాయి, ముప్ఫై ఏడో ఇల్లు అని వెయ్యి. పన్నెండులో ఇంకొకావిడ ఉంది.”